చలిలో ఫ్యాను

ఈ చలిలో ఫ్యాను ఎందుకు వేశారో, అందులోనూ పళ్ళు జివ్వుమనేలా గడగడమని మోగే పాత స్టాండు ఫ్యాను, అని పాప టోపీని చెవులమీదికి లాగుతూ ఆమె అనుకుంది, ఆసుపత్రి బల్లమీద పక్కనే కూర్చున్న అత్తగారు పైకే అనేసింది, ఈ కొత్త నర్సమ్మకి ఒంట్లో వేడెక్కువేమోనే, పిల్లలకి పడిశం పట్టిస్తే మందులన్నా ఖర్చవుతాయని కాబోలు పిన్నీ, అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వడానికి నిండుబిందె ఎత్తినట్టు బుగ్గలను ఎత్తవలసి వచ్చింది, ఈ మధ్య అన్నీ అంతే బరువు, దువ్వెన, చెంచా, పిలిస్తే పలకడం, అన్నిటికంటే బరువు రేపు, ఇవాళ్టితో అత్తగారి సెలవు తీరిపోతుంది, రేపు తెల్లారకముందే హాస్టలు వంటగదికి వెళ్ళిపోతుంది, లారీతో వెళ్ళిన భర్త ఇప్పట్లో రాడు, ఇంట్లో తనూ, పాపా, పాపకి లాలపోసే ఆ నీలం టబ్బూ మిగులుతారు.

ఆరోజు ఏమీ జరగలేదు, నిజంగానే ఏమీ జరగలేదు, గోరువెచ్చని నీళ్ళు, పాప మెడ కింద తన ఎడమచెయ్యి, ఈ చెయ్యి తీసేస్తే అన్న ఆలోచన ఒకటి, ఎవరిదో పరాయివాళ్ళది, పిలవకుండా తలలోకి వచ్చి కూర్చుంది, చెయ్యి తియ్యలేదు, పాపను గుండెలకు అదుముకుని తడిబట్టలతో గోడవారన కూలబడింది, ఏమైందే అని అత్తగారు పరుగెత్తుకొస్తే నడుం పట్టేసిందండీ అంది, అప్పటినుంచీ నడుంనొప్పి, అప్పటినుంచీ లాలపోసేది అత్తగారే, ఒక అబద్ధం ఇన్నాళ్ళూ పాపను కాపాడింది, రేపటినుంచి కాపాడదు, పోనీ చెబుదామంటే ఎవరికి, ఈ గదిలోనే పాత నర్సు తాముండే మేడలోని మూడో అంతస్తు అమ్మాయిని, ఏమ్మా, ఏడుపేమైనా వస్తోందా, అని బజారు గొంతుతో అడిగింది, ఆ పిల్ల అమాయకంగా వస్తోందండీ అంది, వరసలోని చెవులన్నీ నిక్కబొడుచుకున్నాయి, సాయంత్రానికి ఆ మాట మెట్లెక్కి ఆ పిల్లకంటే ముందే ఇల్లు చేరింది, బిడ్డను ఆడపడుచు తీసుకుపోయింది, అందువల్ల ఆ తరువాత అందరూ బాగున్నామనే చెప్పారు, అందరూ బాగుండటం వల్ల ఎవరినీ రెండోసారి అడగవలసిన అవసరమూ లేకపోయింది.

అమ్మాయ్, నిన్నే పిలుస్తున్నారు, అని అత్తగారు పాపను అందుకుని వెంట లేవబోయింది, ఇక్కడ ఒక్క కుర్చీయే ఉందమ్మా, మీరక్కడే కూర్చోండి, అంది నర్సు, ఎలా ఉన్నావు తల్లీ అని అడిగితే, బాగానే తాగుతోందండీ, రాత్రి కూడా పెద్దగా లేవలేదు, అని ఆమె గడగడా అప్పజెప్పింది, పాప సంగతి తరవాత చూద్దాం, నేనడిగింది నీ సంగతి, అని నర్సు ముక్కు తుడుచుకుంది, ముక్కుకొన ఎర్రబడి ఉంది, మెడచుట్టూ శాలువా, అప్పుడు కనిపించింది, ఫ్యాను మొహం వరసవైపు లేదు, నర్సు వైపే ఉంది, గాలంతా ఆవిడమీదే, ఇంత పడిశంతో అది ఆపుకోవచ్చు కదండీ అని నోరుజారింది, ఆపితే ఎట్లా, అని నర్సు వరసవైపు కళ్ళతోనే చూపించింది, ఆమె తిరిగి చూసింది, అత్తగారు చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, టీవీలో మాట పోయినప్పటి మొహంతో, ఏమంటోందే ఆవిడ, అని అరుస్తోంది.

గాలికోసం కాదు, ఆ చప్పుడు కోసం, ఆ చప్పుడు చాటున ఎవరైనా నోరు తెరుస్తారని ఒక మనిషి పొద్దుటినుంచీ వణుకుతూ కూర్చుంది, రేపు లాల నేను పోయాలండీ, నా చేతులంటే నాకే భయమేస్తోంది, అన్నది తన గొంతేనా, తనదే, టబ్బు సంగతీ, రేపు అత్తగారు పనికెళ్ళిపోయే సంగతీ అంతా వచ్చేసింది, నర్సు ఉలిక్కిపడలేదు, ఇలాంటి ఆలోచనలు చాలామంది తల్లులకి వస్తాయమ్మా, దీనికి వైద్యముంది, ఇవాళే డాక్టరుగారితో మాట్లాడిస్తాను, రేపు లాల మానెయ్యి, తడిగుడ్డతో తుడిస్తే చాలు, మీ అత్తగారు గడప దాటకముందే నేనొస్తాను, అంది, పాపను తీసుకుపోతారా అండీ అని ఆమె అడిగింది, ఎవరు తీసుకుపోయేది, పాపకి అమ్మ కావద్దూ, అంది నర్సు, లాల ఒకపూట మానెయ్యవచ్చు, ఇంత చిన్నమాట తనకెందుకు తోచలేదు, అలసట ఎక్కడికీ పోలేదు, ఒళ్ళంతా అలాగే ఉంది, తోచకపోవడానికి కారణం మాత్రం తెలిసింది, ఇన్నాళ్ళూ ఆ ఆలోచనతో తను ఒక్కతే ఉంది.