గంటల మధ్య ఎడం

కొవ్వొత్తుల స్టాండు మీద గడ్డకట్టిన మైనాన్ని అరిగిపోయిన చెంచాతో గీకుతోంది గంటలమ్మ. గీకిన ముక్కలన్నీ ఒళ్ళో పోసుకుంటోంది. వాటిని కరిగించి, పాత గుడ్డకి రాసి, బడి చాపెల్లో బెంచీలన్నీ తుడుస్తుంది. అందుకే ఆ బెంచీల మీద కొత్తగా కూర్చున్న పిల్లలు ముందుకి జారిపోతుంటారు. ఒకసారి ఒక టీచరు ఆ మాటే అంటే, "జారితే ఏమైందమ్మా? మోకాళ్ళ మీదే కదా పడేది. చాపెల్లో పడాల్సింది కూడా అలాగే," అంది.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు, గుప్పెడంత ముడి, మెడలో నల్లపూసల జపమాల. కుడి అరచెయ్యి మాత్రం మనిషిదిలా ఉండదు. తాడు లాగి లాగి కాయలు కాసి, పాత పీటలా గట్టిపడింది. ఆడపిల్లల బడి అది. బుగ్గ నిమిరితే గీసుకుపోతుందని చిన్న తరగతుల వాళ్ళు నవ్వుతూ తప్పించుకుంటారు. అసలు పేరేమిటో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

పీరియడ్లకి కరెంటు గంట వచ్చి చాలా కాలమైంది. మిట్టమధ్యాహ్నం కొట్టే ప్రార్థన గంట మాత్రం ఇంకా ఆవిడ చేతిదే. మూడు దెబ్బలు కొట్టి, ఒక మరియమ్మ జపం పట్టేంతసేపు ఆగుతుంది. మళ్ళీ మూడు, మళ్ళీ ఎడం. మళ్ళీ మూడు కొట్టి, చివర్న గణగణమని ఒక వరస. అది పూర్తయ్యేదాకా బడిలో ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోవాలి. చాక్‌పీసు పట్టుకున్న టీచరైనా సరే, గరిటె పట్టుకున్న వంటమనిషైనా సరే.

చిక్కల్లా ఆ ఎడంతోనే. కష్టమొచ్చిన పిల్ల ఒక జడ రిబ్బను విప్పి గంటలమ్మకి ఇస్తుంది. ఆవిడ దాన్ని ఎడమ మణికట్టుకి చుట్టుకుని గంట కొడుతుంది. ఎన్ని రిబ్బన్లుంటే అన్ని జపాలు. కష్టం తీరాక రిబ్బను తిరిగిచ్చేస్తుంది. రిబ్బన్లు ఎక్కువైన రోజున ఎడం సాగుతుంది, భోజనాలు చల్లారిపోతాయి. ఆకలితో నకనకలాడుతూ కూడా పిల్లలు గొణగరు. ఇవాళ ఎవరికో గట్టి కష్టమే వచ్చిందనుకుంటారు. రేపు తమ రిబ్బనే కావచ్చు మరి.

ఒంటి రిబ్బనుతో వచ్చిన పిల్లని టీచర్లు ఆ పూట గద్దించరు. అది కనిపెట్టి, హోంవర్కు ఎగ్గొట్టడానికి రిబ్బను దాచుకున్న గడుగ్గాయిలు కూడా లేకపోలేదు. పరీక్షల ముందు మరీ ఎగబడతారు. గంటలమ్మ ఒప్పుకోదు. "మార్కులకి రిబ్బను పుచ్చుకోను, పోయి చదువుకోండి. అయినా ఆ ప్రభువుకి లెక్కలెక్కడొచ్చు? వచ్చుంటే తొంభైతొమ్మిది గొర్రెల్ని వదిలేసి తప్పిపోయిన ఒక్కదాని వెంట పోతాడా?" అంటుంది.

ఆ పొద్దున హెడ్మిస్ట్రెస్ సిస్టర్ చాపెల్లోకి వచ్చి, మోకరించి లేచి, గంటలమ్మ పక్కన నిలబడింది. మంచి మనిషే, కానీ బడి మొత్తం ఆవిడ నెత్తిమీదే ఉంది. గడియారం చూసుకోకుండా నాలుగు మాటలు మాట్లాడలేదు.

"మధ్యాహ్నం పరీక్ష ఉంది. భోజనాలు ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే. ఇవాళ ఎడానికి ఒక్క జపమే చెప్పు. అందరికీ కలిపి ఒక్కటే. దేవుడికి అర్థం కాదంటావా?"

"ఆయనకెందుకు అర్థం కాదు సిస్టర్? పిల్లలకే అర్థం కాదు."

సిస్టర్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "వచ్చే నెల నుంచి ఈ గంటని కూడా కరెంటుకి కలిపేద్దాం. నీకూ విశ్రాంతి. నిన్న మెట్లెక్కుతూ గోడ పట్టుకుని నిలబడిపోయావట."

"అలాగే సిస్టర్," అంది గంటలమ్మ. పెద్దవాళ్ళ మాటకి ఎదురుచెప్పడం ఆవిడకి చేతకాదు. బాధ మాత్రం వేసింది.

గంట గది చాపెల్ వెనక ఉంది. కప్పులో ఉన్న కన్నంలోంచి తాడు కిందికి దిగుతుంది, దాని పక్కన ఒక స్టూలు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి గంటలమ్మ అక్కడికి చేరింది. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతోంది. మణికట్టుకి రిబ్బను లేదు. ఉన్న రెండూ పొద్దున్నే తిరిగిచ్చేసింది. ఒకరి తమ్ముడికి జ్వరం తగ్గింది, ఇంకొకరి నాన్న ఇంటికొచ్చాడు. సిస్టర్‌కిచ్చిన మాట నిలబెట్టుకోవడం ఇవాళ తేలికేననుకుంది.

గుమ్మంలో ఎనిమిదో తరగతి పిల్ల నిలబడి ఉంది. నీలం రిబ్బను అప్పటికే చేతిలో నలిగిపోయింది.

"అమ్మకి గుండె ఆపరేషన్. ఇప్పుడే, ఈ టైముకే," అంది. రిబ్బను ముందుకి చాపింది. "నువ్వు గంట కొడితే మా అమ్మ బతుకుతుంది కదా?"

గంటలమ్మ స్టూలు మీద కూలబడింది. ఆవిడకీ ఒక కూతురుండేది. భర్త పోయాక పిల్లని చంకనేసుకుని ఈ బడి వంటింట్లో పనికి చేరింది. పిల్లకి విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అప్పట్లో గంట కొట్టే ముసలి సిస్టర్ ఒక మధ్యాహ్నం ఆ పిల్ల కోసం ఎడం పెంచింది. అన్నం వారుస్తున్న గంటలమ్మ గిన్నె పట్టుకునే నిలబడిపోయింది. కిటికీలోంచి చూస్తే బడంతా తలొంచుకుని నిలబడి ఉంది. పిల్ల బతకలేదు. అయినా ఆ ఎడాన్ని ఆవిడ మర్చిపోలేదు. ముసలి సిస్టర్ పోయాక తాడు తనకిమ్మని తనే వెళ్ళి అడిగింది. జన్మలో ఆవిడ ఎవర్నైనా అడిగి తీసుకున్నది అదొక్కటే.

అబద్ధం చెబితే పిల్ల నవ్వుతుంది. కానీ దేవుడి గది పక్కన కూర్చుని దేవుడి పేరు మీద అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"బతుకుతుందో లేదో నాకు తెలీదు తల్లీ. బతకాలనే అడుగుతాను. నువ్వు ఒక్కదానివే మాత్రం ఉండవు. ఇంతమంది నిలబడతారు నీతో. అది నాకు తెలుసు." చెయ్యి చాపింది. "ఇవాళ ఒక్క జపమే చెప్పమన్నారు. ఆ ఒక్కటీ మీ అమ్మదే. పో, నీ వరసలో నిలబడు."

పిల్ల ఆవిడ ఎడమ చేతికి రిబ్బను తనే చుట్టి వెళ్ళిపోయింది.

గంట మోగింది. మూడు. ఒక్క జపమంత ఎడం. మళ్ళీ మూడు.

ఎడం మొదలైంది. ఒక జపం అయిపోయింది. రెండు, మూడు జపాలంత సేపయింది. వరండాల్లో పిల్లలు తలలొంచుకుని నిలబడే ఉన్నారు. ఎవరికో పెద్ద కష్టమే అనుకున్నారు. ఎనిమిదో తరగతి వరసలో ఒంటి రిబ్బను పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంతసేపూ మా అమ్మకే అనుకుంది.

సిస్టర్ గడియారం చూసుకుంది. మాటిచ్చి కూడా ఇదేం పని అనుకుంటూ, ఎర్రబడ్డ మొహంతో చరచరా గంట గదికి నడిచింది.

గంటలమ్మ స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి ఉంది. కుడి చేతిలో తాడు, ఎడమ చేతికి నీలం రిబ్బను. పెదవులు సగం మాటలో ఆగినట్టు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.

"అమ్మా," అంది సిస్టర్. ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు. మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. పెదవుల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి లేదు.

కేకేద్దామని తలుపు దాకా వచ్చింది. బయట బడంతా నిలబడి ఉంది. చిన్న తరగతుల వాళ్ళు సైతం కదల్లేదు. సిస్టర్ వెనక్కి వచ్చింది. రిబ్బను విప్పి తన మణికట్టుకి చుట్టుకుంది. అదెవరిదో, కష్టమేమిటో తెలీదు. తెలియని ఆ కష్టానికి ఒక జపం చెప్పింది. గంటలమ్మకి ఇంకోటి. ఆ తర్వాత గడియారం చూడలేదు.

కాయలు కాసిన వేళ్ళలోంచి తాడు నెమ్మదిగా విడిపించి లాగింది. మొదటిసారి గంట పలకనే లేదు. బలమంతా పెట్టి మళ్ళీ లాగింది. మూడు దెబ్బలు, చివరి వరస, అంతా తడబడుతూ మోగాయి. వంటింట్లో గరిటె పట్టుకున్న ఆవిడ తలెత్తి, "ఇది మన గంటలమ్మ చెయ్యి కాదే," అంది.

సాయంత్రం గంటలమ్మని చాపెల్లో పడుకోబెట్టారు. ఆవిడ మైనం రాసిన బెంచీల మీంచి జారి పిల్లలు మోకాళ్ళ మీద పడ్డారు, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎనిమిదో తరగతి పిల్ల సిస్టర్ దగ్గరికి వచ్చి ఆవిడ మణికట్టు వంక చూసింది.

"నీదా?"

"నాదే సిస్టర్. ఆపరేషన్ అయిందట. అమ్మ ఇంకా కళ్ళు తెరవలేదట."

సిస్టర్ రిబ్బను విప్పబోయి ఆగింది. "అయితే రేపు కూడా కావాలిగా."

"రేపు గంట ఎవరు కొడతారు?"

సిస్టర్ అరచెయ్యి చాపి చూపించింది. తాడు ఒరుసుకున్న మేర తోలు లేచి ఎర్రగా ఉంది. పిల్ల ఆ చేతిని పట్టుకుంది. ఇద్దరూ గంట గదికి వెళ్ళారు.

వాళ్ళు బయటికొచ్చి తలుపు వేసేసరికి ఖాళీ స్టూలుకి పైన, చెయ్యి పట్టిన చోట నున్నగా అరిగిన తాడుకి, సిస్టర్ మణికట్టు నుంచి విప్పిన ఆ నలిగిన నీలం రిబ్బను కట్టి ఉంది.