అరువు తెచ్చుకున్న సంఘం

ప్రెస్బిటరీ నుంచి ఇద్దరు వస్తున్నారన్న ఉత్తరం బుధవారం అందింది. గురువారం సాయంత్రానికి ఆ సంగతి మా ఇరవై ఆరుగురికీ తెలిసింది. శుక్రవారం పొద్దుటికి గల్లీ మొత్తానికి తెలిసింది.

మాది మొఘల్‌పురాలో ఒక మేడ మీది హాలు. కింద మాణిక్యమ్మ ఇల్లు, పైన మా ఆరాధన. మొదట్లో చుట్టుపక్కల ఇళ్ల నుంచే హాలు నిండేది. తరువాత చాలామంది జల్‌పల్లిలో చిన్న చిన్న ప్లాట్లు కొనుక్కుని వెళ్లిపోయారు. కొందరు అక్కడి నుంచి ఇంకా వస్తారు, కొందరు మానేశారు. మా పాస్టరుగారు రిటైరై తొమ్మిది నెలలు. ఆదివారం వాక్యం చదవడానికి, ప్రార్థన చేయడానికి నాలాంటి సంఘ పెద్ద చాలు. కానీ ప్రభువు బల్ల, అంటే యేసు పేర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వాలన్నా, బిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలన్నా అభిషేకం పొందిన పాస్టరే కావాలి. అది మా ప్రెస్బిటేరియన్ల పద్ధతి. అంటే తొమ్మిది నెలలుగా మాకు బల్ల లేదు.

ప్రెస్బిటరీ అంటే మా వైపు సంఘాలన్నింటికీ కలిపి ఉండే పెద్దల సభ. ‘మీ సంఘం పరిస్థితి చూసి, ముందు ఏం చేయాలో ఆలోచించడానికి వస్తున్నాం’ అని ఉత్తరంలో రాశారు. ఆ ‘ఏం చేయాలో’ దగ్గరే మా గుండెలు ఆగాయి. కిందటేడు ఒక చిన్న సంఘాన్ని మూసీ అవతలి పెద్ద సంఘంలో కలిపేశారని విన్నాం. మమ్మల్నీ కలిపేస్తే మిగతావాళ్లం రెండు బస్సులు మారి పోగలం. మాణిక్యమ్మ పోలేదు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు వంగవు. మేడ మెట్లు పదహారు ఎక్కడానికే ఒక కీర్తన పాడేంత సేపు పడుతుంది.

"మందిని చూపిస్తే కలపరు మామా" అన్నాడు వెస్లీ గురువారం సాయంత్రం. వెస్లీ బేగంబజార్‌లో గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తాడు. మా ఇరవై ఆరుగురిలో అందరికంటే గట్టిగా మాట్లాడేది అతనే.

"ఏ మందిని?"

"నేను తెస్త. మా గోదాముల హమాలీలు పన్నెండు మంది ఉన్నరు. బగారన్నం పెడ్తమంటే ఎక్కడికైనా వస్తరు. నా దోస్తులు ఇంకో పది మంది."

"అది అబద్ధం గదా వెస్లీ."

"అబద్ధం ఏంది మామా? మనం నోరు తెరిచి ఏమన్న చెప్తున్నమా? కుర్చీల కూసుంటరు, గంతే."

నా భార్య సుశీల ఉండి ఉంటే ఆ మాట అక్కడే తెగ్గొట్టేది. నేను తెగ్గొట్టలేకపోయాను. ఎందుకంటే మాణిక్యమ్మ మా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆ మాటలకు ఆమె చేతులు ఆగిపోయాయి.

మరునాడు పాల ప్యాకెట్ల దగ్గర హాలు పక్కింటి విఠల్‌రావు పట్టుకున్నాడు. వాళ్లది తాతల కాలం నుంచి గుడి సేవ చేస్తున్న కుటుంబం. ఆయన పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యాడు.

"మస్తు మందిని జమ చేస్తున్నరట సామ్యూల్ సాబ్. నాకొక మాట చెప్పలే."

"మీకెందుకు రావుగారూ ఈ లొల్లి?"

"ఎందుకేంది? ముప్పై ఏండ్ల సంది గోడ అవతల మీ పాటలు వింటున్న. సగం నాకు నోటికొచ్చు. ఆదివారం మా గుళ్ల హారతి ఎనిమిదింటికి అయిపోతది. నేను, మా ఇంటామె కోమలవల్లి ఇద్దరం వస్తం. నామం తుడుసుకొని రావాల్నా?"

"వద్దు వద్దు" అన్నాను.

ఇంటికి వచ్చాక గాని తెలియలేదు, నేను నామం గురించి మాత్రమే వద్దన్నానని.

ఆదివారం తొమ్మిదింటికే హాలు నిండిపోయింది. వెస్లీ టెంట్‌హౌస్ నుంచి ఇంకో ముప్పై కుర్చీలు తెప్పించాడు. హమాలీలు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. బాగా కనపడాలని వెస్లీ వాళ్లను ముందు వరుసలోనే కూర్చోబెట్టాడు. కోమలవల్లి గారు వస్తూ వస్తూ ఒక బిందెడు మంచినీళ్లు, స్టీలు గ్లాసులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. అంతమందికి నీళ్లు కావాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ప్రెస్బిటరీ నుంచి వచ్చింది పాస్టర్ జోయెల్, ఇంకో సంఘానికి పెద్దగా ఉన్న సుజనమ్మ. ఆయనకు నలభై ఉంటాయి. ఒక చేతిలో హెల్మెట్, భుజానికి బరువైన సంచీ. ఆమె బ్యాంకులో ఆఫీసరు, చేతిలో ఫైలు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి హాలంతా ఒకసారి చూసింది.

"మేమనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నరు సార్."

నేను తల ఊపాను. నోరు తెరవకుండా అబద్ధం ఎలా చెప్పవచ్చో వెస్లీ చెప్పినప్పుడు నమ్మలేదు గాని, నిజంగానే అది చాలా తేలిక.

ఆరాధన మొదలైంది. మేం నిలబడితే హమాలీలు కూర్చున్నారు, మేం కూర్చుంటే వాళ్లు నిలబడ్డారు. రెండో పాటకు విఠల్‌రావు గొంతు కలిపాడు. మేం ఎప్పుడూ కింది స్థాయిలో పాడే కీర్తనను ఆయన పై స్థాయికి తీసుకుపోయాడు. ఆయన వెనక మేమూ పోవలసి వచ్చింది. పాట అయ్యాక పాస్టర్ జోయెల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత మంచిగ పాడే సంఘాన్ని ఈ మధ్యల చూడలే" అన్నాడు.

విఠల్‌రావు నుదుటి నామం ఒకసారి తడుముకున్నాడు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ప్రెస్బిటరీ వాళ్లు సంఘానికి వచ్చినప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి ఒక్కరూ లేచి పేరు చెప్పి, తమ ప్రార్థన మనవి చెప్పాలి. వాళ్లు రాసుకుపోయి మిగతా సంఘాలన్నింటికీ పంపుతారు. ఆ వారమంతా అందరూ ఆ పేర్లతో ప్రార్థిస్తారు. ఇన్నేళ్లుగా పెద్దగా ఉన్నాను, అయినా ఈ ఆనవాయితీ సంగతే మరిచిపోయాను.

"ముందు వరుస నుంచి మొదలు పెడదం" అన్నాడు పాస్టర్ జోయెల్.

మొదటి కుర్చీలో ఉన్న పెద్దాయన లేచాడు. వెనక్కి తిరిగి వెస్లీ వైపు చూశాడు. వెస్లీ ఫ్యాను వైపు చూశాడు.

"నా పేరు శివయ్య. బేగంబజార్ల హమాలీ. వెస్లీ అన్న రమ్మంటే వచ్చిన. కూసోమన్నడు, కూసున్న." నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "నడుం నొప్పి ఉంది సార్, రెండేండ్ల సంది. అది తగ్గితే సాలు."

"ఏ దిక్కు నొప్పి?" అని అడిగాడు పాస్టర్ జోయెల్.

"ఎడమ దిక్కు."

‘శివయ్య, నడుం, ఎడమ’ అని పాస్టర్ పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. "తర్వాత?"

తర్వాతి వాడి బిడ్డకు పదో తరగతి పరీక్షలు. ఆ తర్వాతి వాడి ఇంటికి నెల రోజులుగా నల్లా నీళ్లు రావడం లేదు.

"గది మున్సిపాలిటీకి రాయాలెరా" అన్నారెవరో వెనక నుంచి.

"రెండు దిక్కులా రాద్దం" అన్నాడు పాస్టర్, తల ఎత్తకుండానే.

ముందు వరుస అంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ దాచుకోలేదు. ప్రార్థన చేస్తామని ఎదురుగా మనిషి కలం పట్టుకుని నిలబడితే లేని బాధ ఎవరు చెప్పగలరు? ఉన్న బాధ ఎవరు దాచగలరు? విఠల్‌రావు వంతు వచ్చింది.

"నేను పక్కింటాయన్ని. మాది గుడి సేవ. మనవరాలు శ్రీహిత ఉద్యోగం పరీక్ష రాసింది, రిజల్ట్ రాలే. మా దేవునికి చెప్పనే చెప్పిన. మీరు కూడ ఒక మాట వేయుండ్రి."

అందరిదీ అయ్యాక నా వంతు. సుజనమ్మ నా వైపే చూస్తోంది. మాణిక్యమ్మ కూడా.

"నా పేరు సామ్యూల్" అన్నాను. "అయ్యగారూ, మేం ఇరవై ఆరుగురం. మిగతావాళ్లు మా మీద దయతో వచ్చినవాళ్లు. తప్పు పిలిచిన వెస్లీది కాదు, వద్దనని నాది. మమ్మల్ని నది అవతల కలిపేస్తరని భయపడ్డం. కలిపితే మాణిక్యమ్మ రాలేదు. ఆమె తొమ్మిది నెలల సంది బల్ల కోసం చూస్తున్నది. మా మనవి ఇది ఒక్కటే."

కూర్చున్నాను. ఛాతీ మీది నుంచి బియ్యం బస్తా దించినట్టు ఉంది.

సుజనమ్మ ఫైలు తెరిచింది.

"సార్, మీరు పోయిన ఏడు పంపిన సభ్యుల పట్టికల అరవై ఒక్క పేర్లు ఉన్నయి. అంత మంది ఉన్న సంఘం తన పాస్టర్‌ను తానే పిలుచుకోవాలె. అందుకే మేం ఆగినం. తొమ్మిది నెలలైనా ఎందుకు పిలుస్తలేరో, మంది తగ్గిన్రేమో చూద్దమని వచ్చినం. నలభైకి తక్కువున్న సంఘాలకు మా దగ్గర వేరే పద్ధతి ఉంది. ఐదు చిన్న సంఘాలకు కలిపి ఇద్దరు పాస్టర్లు. నెలల రెండు ఆదివారాలు వస్తరు."

"నది అవతల కలిపిన సంఘం?" అని అడిగాడు వెస్లీ.

"వాళ్లే అడిగిన్రు. అడగకుండ ఎవరిని కలపం." ఆమె పట్టిక మీద వేలు నడిపింది. "ఈ రాజన్న ఎవరు?"

"జల్‌పల్లి పోయి రావడం మానేసిండు."

"సోనీ?"

"పెండ్లయి వరంగల్ పోయింది."

"సుశీల?"

"నా భార్య. చనిపోయి నాలుగేళ్లయింది. ప్రతి ఏడూ పట్టిక రాసేటప్పుడు... కొట్టెయ్యలేకపోయిన."

అంటే మా బల్ల ఆగింది నా చేతి వల్లనే. పోయినవాళ్లనూ, పోయి రానివాళ్లనూ వదల్లేక నేను రాసిన పేర్లే ఉన్నవాళ్లకు అడ్డం పడ్డాయి. ఆ మాటే పైకి అన్నాను.

"కొట్టెయ్యకండి సార్" అంది సుజనమ్మ మెల్లగా. "ప్రభువు దగ్గరికి పోయినవాళ్లకు పుస్తకంల వేరే పేజీ ఉంటది. ఇద్దరం కూసొని అక్కడ రాద్దం."

అప్పటికే పాస్టర్ జోయెల్ సంచీ విప్పుతున్నాడు. తెల్ల గుడ్డ, రొట్టె, ద్రాక్షరసం సీసా, చిన్న గ్లాసుల పెట్టె. అంత బరువు ఎందుకో అప్పుడు అర్థమైంది. మేం ఎవరం ఎంతమందిమైనా, ఆ రోజు మాకు బల్ల ఇవ్వాలనే వచ్చారు.

బల్ల బాప్తిస్మం పొందినవాళ్లకే గనుక, హమాలీలను, వెస్లీ దోస్తులను, విఠల్‌రావు దంపతులను కూర్చోమని పాస్టరు మర్యాదగా చెప్పాడు. వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేం ఇరవై ఆరుగురం లేచాం. మాణిక్యమ్మ మొదట వెళ్లింది. మేం ఎవరమూ ఆమెకంటే ముందు పోలేదు. రొట్టె ముక్క అందుకుని ఆమె చాలాసేపు అరచేతిలో పెట్టుకుంది. పాస్టరు తొందర పెట్టలేదు.

భోజనాలు కింద మాణిక్యమ్మ వాకిట్లో. బగారన్నం, చికెన్, విఠల్‌రావు వాళ్లకు వేరే పొయ్యి మీద చేసిన పులిహోర. శివయ్య మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"వట్టిగనే తిన్నట్టయింది అన్నా" అన్నాడు వెస్లీతో. "నన్ను తెచ్చింది మందిని చూపెట్టనీకి. నేను మందిని పట్టించిన."

"నీ నడుం సంగతి అన్ని సంఘాలల్ల చదువుతరు పో" అన్నాడు వెస్లీ. "హైదరాబాద్‌ల గింత ఫేమస్ నడుం ఇంకోటి లేదు."

సుజనమ్మ క్యాలెండరు చూసి రాసిచ్చింది, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం. మాణిక్యమ్మ ఆ కాగితం పట్టుకుని పాస్టర్ జోయెల్ దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఎంత దూరం నుంచి వస్తవు?"

"గంట పడ్తదమ్మా, బండి మీద."

"అయితే ముందు మా ఇంట్ల చాయ్ తాగాలె. తాగినంకనే మెట్లెక్కాలె."

రెండో ఆదివారం తొమ్మిదిన్నరకు కింద బండి ఆగిన చప్పుడు వినిపించింది. పాస్టరు పైకి రాలేదు. కిటికీలోంచి చూస్తే మాణిక్యమ్మ ఆయన చేతిలో రెండో గ్లాసు పెడుతోంది. ఆయన వద్దంటున్నాడు, ఆమె వినడం లేదు. మిగతా ఇరవై అయిదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఇంకో కీర్తన అందుకున్నాం. అది అయినా వాళ్లు రాలేదు. మూడోది మొదలుపెట్టాం.