ఇనుముకు సగం మాట చాలదు

పొద్దున షట్టరెత్తగానే ఖాజా పాషా గిరాకీని కొలతలు అడగడు. "ఎందుకో చెప్పుర్రి" అంటాడు. తనకు కాదు, ఇనుముకు. శివనగర్‌లో అందరికీ తెలిసిందే, ఆ వెల్డింగు షెడ్డులో ఇనుముకు నిజం చెప్తేనే అతుకు నిలుస్తుంది. గేటు కోసం వచ్చినవాళ్లు ఇనుము మీదికి వంగి, దొంగల భయమని కొందరు, తోడికోడలి గేటు కంటే పెద్దది కావాలని కొందరు గుసగుసగా చెప్పుకుంటారు. గొప్పలకు పోయి అబద్ధం చెప్పినవాళ్ల గేటు వారంలోపే ఊడి వీధిలో పడుతుంది. అతికినవాడిది తప్పని ఎవరూ అనరు.

ఆ రోజు ఉజ్మా వాళ్ల తాత నడిపిన చిన్న కారు తెచ్చింది. ఆదివారం పాలకుర్తి రోడ్డు మీద కార్ల పందెం ర్యాలీ ఉంది. రోల్ బార్ లేని బండిని రానివ్వరు. కారు బోల్తా పడినా టాపు నలిగి తల మీదికి రాకుండా, ముందు సీట్ల వెనక వంచి నిలబెట్టే లావుపాటి పైపు అది. వెనక సీటు పీకేసి, దాని రెండు కాళ్లు కారు అడుగు రేకుకు, రెండు కాళ్లు వెనక చక్రాల గూళ్లకు అతకాలి. పక్కన కూర్చుని దారి చెప్పే మనిషి కూడా కావాలి. వస్తానన్న స్నేహితురాలు ఆఫ్రీన్ పరీక్షలని తప్పుకుంది. ఎవరో ఒకరు దొరుకుతారులే అని ఉజ్మా ధీమా. ఆ పిల్లకు ధీమా కాస్త ఎక్కువే.

"గెలవాలె, అందుకే," అని పైపుకు చెప్పింది. మూడు కాళ్లు గట్టిగా పట్టుకున్నాయి. నాలుగోది చల్లారగానే ఊడింది. మళ్లీ అతికితే మళ్లీ ఊడింది. ఇనుముకు సొంతదారు మాట కావాలేమోనని, బండి ఎవరి పేరు మీదుందని ఖాజా పాషా అడిగాడు.

బండి ఉజ్మా దాది, అంటే నాయనమ్మ, లాల్‌బీది. పీకి బయట పెట్టిన వెనక సీటు మీదే ఆమె కూర్చుని ఉంది. లేచి వచ్చి కారులోకి వంగి, పిల్ల పానం పైలంగుండాలని చెప్పింది. ఈసారి కాలు సగం పట్టుకుని సగం లేచింది.

"అబద్ధం గాదు ఖాలా. గని సగమే జెప్పినవ్," అన్నాడు ఖాజా పాషా.

ఈ వయసులో ఇనుపముక్కకు కూడా జవాబు చెప్పుకోవాలా అని లాల్‌బీ గొణిగింది. ఉజ్మా ధీమా అప్పుడు జారింది. ఆదివారం ఇక లేనట్టే అనుకుని తల దించుకుంది. ఆ మొహం చూడలేక ముసలామె మళ్లీ వంగింది. ఈసారి గుసగుసలాడలేదు.

"ఇరవై ఏండ్లు ఈ బండిల తిరిగిన, ఎన్నడు జూసినా ఎనుకనే. ముంగట సీటు ఆయన దోస్తులకు, వాళ్లు లేకుంటె బియ్యం బస్తాకు. ఇప్పుడు ఎనుక సీటు గూడ పీకిండ్రు. నాకు ముంగట కూసోవాలనున్నది. జోరుగ పోవాలనున్నది."

ఉజ్మాకు సిగ్గేసింది. దాదికి వెనక సీటే ఇష్టమని ఇన్నాళ్లూ అనుకుంది. ఖాజా పాషా అతికి, చల్లారాక సుత్తెతో కొట్టి చూశాడు. కాలు కదల్లేదు.

వెనక సీటు షెడ్డులోనే ఉండిపోయింది. నిజం చెప్పడానికి జంకే గిరాకీలు ఇప్పుడు దాని మీద కాసేపు కూర్చుని లేస్తారు.

ఆదివారం జెండా పట్టుకున్న కుర్రాడు ముందు సీట్లో హెల్మెట్ పెట్టుకున్న లాల్‌బీని చూసి, దారి తెలుసా అని అడిగాడు.

"ఇన్నేండ్లు రెండు తలకాయల నడుమకెల్లి చూసిన," అంది లాల్‌బీ, బెల్టు బిగించుకుంటూ. "ఇయ్యాల మొత్తం కనవడ్తాంది. పోనియ్ బిడ్డా."