తాళంచెవి ఇచ్చొచ్చిన మేస్త్రీ

మా మేస్త్రీని చంపి క్వారీ గేటు ముందు పడేశారు. గుండెల మీద అట్టముక్క: "ద్రోహికి ప్రజలు వేసిన శిక్ష." ఆ ప్రజలం మేమే కదా, మమ్మల్ని ఎవడడిగాడు? మా పేరు చెప్పుకుని తుపాకులు పట్టినవాళ్లే ఈ పని చేశారు.

పార్టీ చీలి, ఆ చీలిక మళ్లీ చీలగా మిగిలిన ముక్క వాళ్లది. గుప్పెడు మంది, పుట్టెడు సిద్ధాంతం.

బండలు పేల్చే ముందు సైరన్ మోగించక మావాళ్లిద్దరు నలిగిపోయారు. సైరన్ పెట్టమని సమ్మెకు దిగాం. సమ్మె మొదలైతే మందుగుండు గది తాళంచెవిని మేస్త్రీ వెళ్లి కాంట్రాక్టరుకు అప్పగించాలి. ఆ తర్వాత ఏం పేలినా నేరం మా మీదికి రాకుండా మేం పెట్టుకున్న పద్ధతి అది. సమ్మె మొదటిరోజు మేస్త్రీ కాంట్రాక్టరు ఆఫీసులోకి వెళ్లడం వాళ్ల దళం గుట్ట మీదినుంచి చూసింది. ఎందుకు వెళ్లాడని మమ్మల్నెవరినీ అడగలేదు.

సాయంత్రం కంకర షెడ్డులో మీటింగు పెట్టాం. దళం నాయకుడు తుపాకీతోనే వచ్చాడు. కళ్లద్దాలాయన అంటాం.

"శత్రువు గదిలోకి ఒంటరిగా వెళ్లాడు," అన్నాడు.

"తాళంచెవి ఇచ్చి రమ్మని పంపింది మేమేనయ్యా!" బండలకు బెజ్జాలేసే డ్రిల్లర్ అరిచాడు. "ఒక్క మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేది?"

కళ్లద్దాలాయన మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "పొరపాటని ఒప్పుకుంటే పార్టీ పరువు పోతుంది. ద్రోహి అనే ఉండనివ్వండి."

మేస్త్రీ భార్య లేచింది. ఆమెదీ కంకర మోసే పనే.

"నీ పరువు కోసం నా పిల్లలు ద్రోహి పిల్లలై బతకాలా, బాబూ?"

"థూ!" కంకర కొట్టే ముసలత్త అతని బూట్ల ముందు ఉమ్మేసింది. "కాంట్రాక్టరుకీ మేం మనుషుల్లా కనబడం. నీకూ అంతే!"

అతను తుపాకీ ఎత్తాడు. డ్రిల్లర్ వెళ్లి ముసలత్త ముందు నిలబడ్డాడు. మేమంతా లేచి డ్రిల్లర్ పక్కన చేరాం.

"కాల్చు. మేస్త్రీని ఆ గదిలోకి పంపినవాళ్లం అందరం ఇక్కడే ఉన్నాం," అన్నాడు డ్రిల్లర్.

కళ్లద్దాలాయన వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

తెల్లారి మేస్త్రీ పాడెను ఆఫీసు ముందు దించాం. కాంట్రాక్టరు పళ్లికిలించాడు. "మీవాళ్లే చంపుకున్నారుగా. ఇంకేం సమ్మె? పనిలోకి రండి."

ఎవరూ కదల్లేదు. లారీలకు అడ్డంగా కూర్చున్నాం. పోలీసులు లాఠీలతో దిగారు.

"ఈ శవం ఎవరి తాలూకు?" అన్నాడు ఇన్స్పెక్టరు.

మేస్త్రీ భార్య నోరు తెరిచేలోపే లారీల ముందు కూర్చున్నవాళ్లమంతా అరిచాం.

"మా తాలూకు!"