ఊరూ పేరూ లేని బోర్డు

వదినకు చూపు లేదు. చూపులేని పిల్లల బడిలో, వేళ్లతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. చుక్కలు కొట్టే యంత్రం ఒక ముప్ఫై ఏళ్ల నాటి కంప్యూటరు మాట తప్ప మరొకటి వినదు. ఈసారి సైన్సు పుస్తకం పెద్దది కావడంతో సగంలోనే కంప్యూటరు ఆగిపోతోంది. వదిన మరిదికి కబురు పెట్టింది. అతను కంప్యూటర్ల మెకానిక్కు.

మూత విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద కంపెనీ పేరు లేదు.

"ఎవరు చేశారో తెలిస్తే మెమరీ ఎంత పెట్టొచ్చో తెలుస్తుంది వదినా. ఇదేమో ఊరూ పేరూ లేనిది."

"ఇన్నేళ్లు చాకిరీ చేయించుకున్నాం. పేరు అడగాలని మనకే తోచలేదు," అంది వదిన.

ఆన్ చేయగానే తెర అడుగున ఒక పొడుగాటి అంకెల వరుస కనబడి మాయమవుతోంది. దాన్ని ఫోటో తీసి, పాత కంప్యూటర్లు పోగేసేవాళ్ల సైట్లన్నీ గాలించాడు. మూడో రోజుకు ఆచూకీ దొరికింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఎవరో దాచిన ఆ బోర్డు బొమ్మ ఒకటి మాత్రం మిగిలింది. ఎంత మెమరీ పడుతుందో, బోర్డు మీది జంపర్లనే చిన్న క్లిప్పులు ఏ పిన్నులకు తొడిగితే ప్రాసెసరుకు ఎంత వోల్టేజి వెళుతుందో అందులో ఉంది.

మెమరీ నాలుగింతలు చేశాడు. పుస్తకం మొత్తం పట్టింది. యంత్రం టకటకా మొదటి పేజీ కొట్టింది. వదిన తడిమి చూసి నవ్వింది.

"చాలు. ఇక దాని జోలికెళ్లకు."

"పేజీకి నాలుగు నిమిషాలు పడుతోంది వదినా. ప్రాసెసరు కూడా మారిస్తే నిమిషంలో వచ్చేస్తుంది. నా దగ్గర ఒకటుంది."

వదిన ఆ మొదటి పేజీనే మళ్లీ తడమసాగింది.

ఆ ప్రాసెసరుకు తక్కువ వోల్టేజి కావాలి. బొమ్మలో ఉన్నట్టే జంపర్లు మార్చి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

"ఏదో కాలుతోంది," అంది వదిన.

అతను ప్లగ్గు పీకేశాడు. పాత ప్రాసెసరే మళ్లీ పెట్టాడు, జంపర్లు పాత చోటికి మార్చాడు. బోర్డు ఉలకలేదు, పలకలేదు. ఫోనులో బొమ్మను పెద్దది చేసి చూస్తే మూలన సన్నటి అక్షరాలున్నాయి. ఆ బొమ్మ ఇదే బోర్డు పాత రకానిది. ఆ తర్వాత పిన్నుల వరస మార్చారు; తక్కువ అనుకున్నచోట ఎక్కువ వోల్టేజి వెళ్లింది.

"వదినా, నేను..."

"చెప్పకు. తెలిసింది."

తిట్టినా బాగుండేది. తెలిసిన దుకాణాలన్నిటికీ ఫోను చేశాడు. అలాంటి బోర్డు ఎవరి దగ్గరా లేదు.

"ఎక్కడైనా వెతికి తెస్తాను."

"వెతుకు. పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి."

ఆమె బీరువాలోంచి కాగితం బిగించే రేకు పలకా, చుక్కలు పొడిచే చిన్న ములుకూ తీసింది. "రెండో పేజీ నుంచి చదువు," అంది. అతను ఒక్కో వాక్యం చదువుతుంటే ఆమె ఒక్కో చుక్కా పొడుస్తోంది. సాయంత్రానికి నాలుగు పేజీలయ్యాయి. ఇంకా రెండు వందలకు పైనే ఉన్నాయి. ఆమె బొటనవేలు కందిపోయింది.

"కాసేపు నేను పొడుస్తాను వదినా."

"నీకు ఈ అక్షరాలొచ్చా?"

రావు. అతను తరువాతి వాక్యం చదివాడు.