తాడు దిగాల్సినవాడి సీటు

శత్రువుకంటే ముందు ప్రచార శాఖ పుట్టిందని ఆ స్థావరంలో అందరూ అనుకునేవారు. ఆ శాఖ అధికారికి సిబ్బంది పెట్టుకున్న పేరు డప్పు. కొండల్లో యుద్ధవిమానం కూలిందనీ, పైలట్ ఒక రాతి అరుగు మీద ప్రాణాలతో ఉన్నాడనీ రేడియోలో తెలిసిన ఉదయం, హెలికాప్టర్ దగ్గరికి ముందుగా చేరింది డప్పే. ఇస్త్రీ బట్టలు, నల్లకళ్లద్దాలు, భుజాన కెమెరా.

"పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఈయనెందుకు సార్?" అన్నాడు తాడు యంత్రం నడిపేవాడు. అతని ఒళ్లు మండిపోతోంది. కూలిన పైలట్ అతనికి స్వయానా బావ, చెల్లెలి మొగుడు.

హెలికాప్టర్ నడిపే కెప్టెన్ మీటర్ల వైపు తిరిగాడు. ప్రమోషన్ దగ్గరపడ్డవాడి నోరు అంత తేలిగ్గా పెగలదు. ఆ ఎత్తులో గాలి పలచన, బరువు లెక్క చూసుకోవాలి. కెప్టెన్ కాక ఇద్దరికే చోటు, మూడో చోటు బావకి. అందుకని డప్పు వైద్య సహాయకుణ్ణి దింపేసి అతని సీట్లో కూర్చున్నాడు. తాడు మీద కిందికి దిగి, గాయపడ్డవాడి ఒంటికి తాడు చివరనున్న పట్టీలు బిగించాల్సింది ఆ సహాయకుడే.

"రేడియోలో బానే ఉన్నానన్నాడుగా, పట్టీలు తనే కట్టుకుంటాడు లెండి," అన్నాడు డప్పు. ఎదుటివాడి దెబ్బ ఎప్పుడూ చిన్నదే.

హెలికాప్టర్ కొండ చేరేసరికి అరుగు మీద బావ ఒంటిచేత్తో గుడ్డ ఊపుతున్నాడు. రెండో చెయ్యి భుజం దగ్గర విరిగి వేలాడుతోంది. పట్టీలు దించారు. బావ వాటిని అందుకున్నాడు, పళ్లతో లాగాడు, చంక కింద దూర్చబోయాడు. జారిపోయాయి. మళ్లీ దించారు, మళ్లీ జారాయి. లోయలోంచి శత్రు సైనికులు పైకెక్కుతున్నారు.

"సార్, మీరు దిగండి. పట్టీ ఒక్కటి బిగించండి చాలు, ఇద్దర్నీ నేను లాగేస్తా!"

"నేనా? నాది కాగితాల ఉద్యోగమయ్యా!"

"మా బావండీ. మీ కాళ్లు పట్టుకుంటా."

"కాస్త పక్కకి జరుగు, నీ తల అడ్డమొస్తోంది," అన్నాడు డప్పు, కెమెరాలోంచి కన్ను తియ్యకుండా.

ఇంధనం అడుగంటింది. కెప్టెన్ హెలికాప్టర్ వెనక్కి తిప్పేశాడు. వీళ్లు కొండ మలుపు దాటేలోపే సైనికులు అరుగు చేరుకున్నారు.

సాయంత్రం చెల్లెలింట్లో టీవీ మోగిపోతోంది. ప్రాణాలకు తెగించిన సాహసమట. తెర మీద ఖాళీ పట్టీలు ఊగుతున్నాయి, వాటికోసం బావ చెయ్యి చాస్తున్నాడు. చెల్లెలు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పక్కన అన్న మాత్రం డప్పుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాడు.

"పిరికి సన్నాసి! ఆ సీట్లో మనిషనేవాడు కూర్చునుంటే బావ ఈపాటికి మన మధ్య ఉండేవాడమ్మా."

"నువ్వు దిగలేదేం అన్నయ్యా?"

"నేను బటన్ల దగ్గర ఉండాలి కదే!"

"ఎన్ని బటన్లు?"

"రెండు. పైకొకటి, కిందికొకటి."

ఆమె టీవీ వైపు చెయ్యి చూపించింది. "ఇంత బాగా కెమెరా పట్టినవాడు ఆ రెండు బటన్లూ నొక్కలేడా? అవి వాడి చేతికిచ్చి నువ్వే దిగొచ్చుగా?"

అతనికి ఆ ఆలోచన రాకపోలేదు, పట్టీలు రెండోసారి జారినప్పుడే వచ్చింది. అప్పుడతను కిందికి చూశాడు. భయమేసింది. డప్పుని బతిమాలడం మొదలుపెట్టాడు.