చూడు, ముట్టుకోకు

ఆ ఆసుపత్రిలో సర్వర్ చూసుకునే ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. ఎవరు ఏ రికార్డు చూడొచ్చో, ఎవరు దిద్దొచ్చో హక్కులిచ్చేది ఆయనే మరి. ఆయన తుమ్మితే స్కానింగ్ యంత్రం ఆగి, చల్లగా ఉండండి అనేదట. నమ్మకపోతే యంత్రాన్నే అడగండి.

ఇంట్లో పోరు పడలేక బావమరిదిని తన గదిలోనే గుమాస్తాగా పెట్టించుకున్నాడు. వాడికిచ్చిన హక్కల్లా తన సెలవుల పట్టిక రాసుకోవడం. మిగతావి చూడ్డమే.

"చూడు, ముట్టుకోకు," అనేవాడు రోజూ, నర్సులు వినేలా. "మీ అక్క గోరుముద్దలు పెట్టి పాడుచేసింది నిన్ను. మౌస్ కూడా నేనే పట్టుకోనా?"

"అలాగే బావా," అనేవాడు వాడు, నవ్వుతూ.

ఒకరోజు సర్వర్ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. పట్టికల్లో చెత్త ఊడ్చే ప్రోగ్రామ్‌లో లోపముందట. ఎవడైనా తన పట్టికలో ఒక ఆదేశం దాచిపెడితే, ఊడ్చడానికొచ్చిన ప్రోగ్రామ్ దాన్ని అధికారి హోదాలో అమలు చేసేస్తుందట. ఇక్కడ ఆ ప్రోగ్రామ్ నడిచేది తాళాలాయన పేరు మీదే. వేరే ఖాతా తెరవడానికి బద్ధకించాడు.

సరిచేయాలంటే సర్వర్ కాసేపు ఆపాలి. ఆపాలంటే డైరెక్టర్‌ని అడగాలి. అడగడం ఆయనకు నామోషీ.

"అంత బుర్ర ఇక్కడెవడికుంది? వీడికా?" అని హెచ్చరికను బావమరిదికే చదివి వినిపించి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

వారం తిరక్కుండా ఒక ఉదయం సర్జన్లెవరికీ రికార్డులు తెరుచుకోలేదు. ఆపరేషన్లు ఆగిపోయాయి. తాళాలాయన తన ఖాతా తెరిస్తే, చూసే హక్కు మాత్రమే మిగిలింది.

డైరెక్టర్ ఊగిపోతూ వచ్చాడు. "హక్కులన్నీ పీకేసింది మీరే. మీ పేరే ఉందిక్కడ!"

"నేను కాదు సార్! అది సాఫ్ట్‌వేర్ లోపం. కంపెనీవాళ్ళు ముందే హెచ్చరించారు కూడా!"

"హెచ్చరించారా? మరి మీరేం చేశారు?"

బావమరిది మెల్లగా అందుకున్నాడు. "పాపం, బావకి ఈమధ్య ఓపిక తగ్గింది సార్. మీరు సరేనంటే నేను సరిచేస్తా."

మధ్యాహ్నానికల్లా సరిచేశాడు కూడా. తాళాలాయన సంచీ సర్దుకుంటూ అలవాటుగా కీబోర్డు మీద చెయ్యి వేశాడు.

"చూడు బావా," అన్నాడు వాడు, నర్సులు వినేలా. "ముట్టుకోకు."

ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే కళ్ళొత్తుకుంటోంది.

"మీ కుర్చీ మావాడికిచ్చారటగా. ఫోన్ చేశాడు. బావని ఒక్క మాట కూడా అనకక్కా, అంటూ ఏడ్చాడండీ! మీరేమో వాణ్ణి రోజూ ఆడిపోసుకున్నారు."

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ ముఖం చూసి, మూసుకున్నాడు.